79 పద్మినికి 118ఎన్‌ఈ ఇంజిన్ వేయాలా, ఉన్న ఇంజినే బాగుచేయాలా?

గోదారి పద్మిని:
అందరికీ నమస్కారం. నాన్నగారి 1979 ప్రీమియర్ పద్మిని రాజమండ్రిలో షెడ్డులో ఉండిపోయింది, ఇప్పుడు పూర్తిగా విప్పి బాగుచేద్దామని గట్టిగా అనుకుంటున్నాను. ఇంజిన్ పట్టేయలేదు, ప్లగ్గులు తీసి సిలిండర్లలో ఆయిల్ పోసి నానబెట్టి చేత్తో తిప్పితే తిరిగింది. బాడీ పైకి బానే ఉంది గానీ డ్రైవర్ కాళ్ళ కింద మ్యాట్ ఎత్తితే నేల కనిపిస్తోంది. ఇప్పుడు విషయం ఏంటంటే, 1089 సీసీ ఇంజిన్, పవర్ నలభై బీహెచ్‌పీ చుట్టుపక్కలే కదా, నలుగురం ఎక్కి మారేడుమిల్లి ఘాట్ ఎక్కాలంటే కష్టం. ఇక్కడి మెకానిక్ ప్రీమియర్ వాళ్ళదే తర్వాత వచ్చిన 118ఎన్‌ఈ కారు ఇంజిన్ గేర్‌బాక్స్‌తో సహా ఉంది, వేసేద్దాం అంటున్నాడు. మా బాబాయి మాత్రం ఇంజిన్ మారిస్తే అది మా అన్నయ్య కారెలా అవుద్దిరా అంటున్నాడు. మీరేమంటారు?

ఆటోనగర్ కుర్రోడు:
వేసేయండి అన్నా, ఆలోచించక్కర్లేదు. 118ఎన్‌ఈలో ఉండేది నిస్సాన్ ఏ12, 1171 సీసీ, 52 బీహెచ్‌పీ. అంకెలు చూస్తే పెద్ద తేడా లేదనిపిస్తది గానీ తోలితే తెలుస్తది. పద్మినిలో ఉండే ఫియట్ ఇంజిన్‌లో క్రాంక్‌ని, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసుని, పట్టుకునే మెయిన్ బేరింగులు మూడే, నిస్సాన్‌కి ఐదు, అందుకే హైవే మీద గంటసేపు ఒకే స్పీడులో లాగినా అరవదు, అదరదు. పైగా స్టీరింగ్ పక్కన ఉండే గేర్ రాడ్డు, దాని బుష్షులు అరిగి మూడో గేర్ వెతుక్కోవడం, ఆ బాధంతా పోయి ఫ్లోర్ గేర్ వస్తది. రెండూ ప్రీమియర్ కంపెనీ బళ్ళే. గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకి వెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్ట్ కొలత చూసి లేత్ మీద సరిచేయించి, గేర్‌బాక్స్ మౌంట్ కొత్తది కట్టి, ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే సంప్ కింద అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్‌కి తగలకుండా చూసుకుంటే అయిపోయె. విజయవాడ ఆటోనగర్‌లో ఈ పని తెలిసిన పెద్ద మేస్త్రీలు ఇంకా ఉన్నారు.

స్టాక్ 1089:
గోదారి గారూ, తొందరపడకండి, నేను గట్టిగానే వ్యతిరేకిస్తాను. ముందు మీరే చెప్పిన మాట చూడండి, మ్యాట్ ఎత్తితే నేల కనిపిస్తోంది అన్నారు. పద్మినికి లారీ లాగా వేరే ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. ఫ్లోరు అలా అయిందంటే డోర్ల కింద ఉండే సిల్లు లోపల నుంచి తిని ఉంటుంది, జాకీ పెట్టే చోటు చూడండి, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగిపోతే అర్థం అయినట్టే. అలాంటి బాడీకి ఎక్కువ పవర్ ఉన్న ఇంజిన్ పెట్టడం గురించి ఇప్పుడు మాట్లాడుకోవడమే తప్పు. మీ బడ్జెట్‌లో సగానికి పైగా రేకుపనికే పోతుంది, పోవాలి కూడా. లప్పం పెట్టి రంగు కొట్టేసే టింకర్ దగ్గరికి మాత్రం వెళ్ళొద్దు, కుళ్ళిన రేకు కోసి కొత్తది వెల్డ్ చేసేవాణ్ణి పట్టుకోండి. సిల్లు కోసే ముందు డోర్ ఫ్రేముల మధ్య లోపల పైపులు అడ్డంగా వెల్డ్ చేయించాలి, లేకపోతే బాడీ నడుం దిగిపోయి తర్వాత ఎన్ని తిప్పలు పడ్డా డోర్లు మూసుకోవు.

రెండోది బ్రేకులు. నాలుగు చక్రాలకీ డ్రమ్ములే, బూస్టర్ లేదు. ఏళ్ళు నిలబడిన బండిలో బ్రేక్ ఆయిల్ నీళ్ళు పీల్చుకుని వీల్ సిలిండర్లు లోపల గుంటలు పడి ఉంటాయి, లోపలి రబ్బర్ల కిట్టు మార్చి సరిపెట్టకండి, సిలిండర్లే మార్చండి, ఇనప పైపులన్నీ మార్చండి. 52 బీహెచ్‌పీ తెచ్చుకుని 40కి చేసిన బ్రేకుల మీద ఘాట్ దిగుతారా? పైకి ఎక్కడం గురించే అడిగారు మీరు, దిగడం గురించి ఎవరూ అడగరు.

ఇక పవర్. ఈ ఇంజిన్‌కి కొత్తలో ఉన్న పవర్ ఇప్పుడు ఉండదు కదా, అరిగి అరిగి ఎంత మిగిలిందో. ముందు దాన్నే వెనక్కి తెచ్చుకోండి. రీబోర్ అంటే అరిగిన సిలిండర్లు కోయించి సాపు చేయించడం, కొత్త పిస్టన్లు, క్రాంక్ గ్రైండింగ్, హెడ్ కొంచెం స్కిమ్ చేయించి అంటే అడుగు చెక్కించి కంప్రెషన్ పెంచడం, గాలి, పొగ వెళ్ళే పోర్టులు నున్నగా చేయించడం, ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్. బయటికి ఏమీ కనిపించదు, ఇంజిన్ నంబరు అదే, బండి మాత్రం వేరే బండిలా లాగుతుంది.

కాంటెస్సా హైదరాబాద్:
స్టాక్ అన్న చెప్పిన బ్రేకుల ముచ్చట కరెక్ట్. కానీ ఇంజిన్ మార్చుడు పాపం ఏం గాదు. నాది హిందుస్తాన్ మోటార్స్ కాంటెస్సా, ఫస్ట్‌ల వచ్చిన 1.5 లీటర్ల బీఎంసీ ఇంజిన్‌ది. గంత పెద్ద బండికి అంబాసిడర్ ఇంజిన్, యాభై బీహెచ్‌పీ, ఏం గుంజుతది జెప్పు. తర్వాత కంపెనీయే ఇసుజు 1.8 పెట్టింది, 88 బీహెచ్‌పీ, అప్పుడు గదా కాంటెస్సాకి పేరొచ్చింది. నేను అదే ఇసుజు ఇంజిన్, దాని ఐదు గేర్ల బాక్స్ వేయించిన. కంపెనీ ఇచ్చిన జోడీ గాబట్టి మౌంట్లు, షాఫ్టు, రేడియేటర్ అన్నీ ఫ్యాక్టరీ సామాన్లే కూసున్నయి. పద్మినిల నిస్సాన్ అంటే గట్ల గాదు, ప్రతి బ్రాకెట్ చేత్తోని చేసుకోవాలె. చేసేటోడు మంచోడైతే ఓకే, లేకుంటే వైబ్రేషన్‌తోని పిచ్చి లేస్తది. రాణిగంజ్‌ల నాకు చేసిన షాపోడు మౌంట్ రబ్బర్లు లెవెల్ చూడకుండ బిగించిండు, మళ్ల దించి ఎక్కించుడే అయింది.

ఇంకోటి తమ్మీ, పెట్రోల్. ఇప్పుడు బంకులల్ల అంతా ఈ20, అంటే 20 శాతం ఎథనాల్ కలిపిన పెట్రోల్. పాత రబ్బరు పైపులు, పెట్రోల్ పంపు డయాఫ్రమ్, కార్బురేటర్ వాషర్లు ఎథనాల్‌కి మెత్తబడుతయి, పగులుతయి. ఏ ఇంజిన్ వేసినా ఎథనాల్ తట్టుకునే పైపులు వేయి, ట్యాంకు దించి లోపల తుప్పు కడిగించు. బానెట్ కింద పెట్రోల్ కారితే బండి కాలిపోతది, నవ్వులాట గాదు.

ఆటోనగర్ కుర్రోడు:
స్టాక్ అన్నా, మీరు చెప్పిన రీబోర్, పిస్టన్లు, క్రాంక్ పనికి అయ్యే ఖర్చులో మంచి 118ఎన్‌ఈ ఇంజిన్ వచ్చేస్తది. ఫియట్ పిస్టన్లు, బేరింగ్ షెల్స్ ఇప్పుడు దొరకడం ఎంత కష్టమో మీకు తెలీదా? బొంబాయి టాక్సీలు తిరిగినన్నాళ్ళు అక్కడి నుంచి సామాను వచ్చేది. 2023 అక్టోబర్‌తో ఆఖరి పద్మిని టాక్సీ కూడా ఆగిపోయింది, ఇక ఎవడు తయారుచేస్తాడు? బండి తిరగాలి అన్నా, షెడ్డులో బొమ్మలా పెట్టుకోడానికి కాదు. వాళ్ళ నాన్నగారు కూడా తోలుకోడానికే కొన్నారు కదా.

స్టాక్ 1089:
తోలొద్దని నేనెక్కడన్నాను? సామాను కష్టమే, ఒప్పుకుంటాను, కానీ ఏ12 సామాను మాత్రం రోడ్డు మీద దొరుకుతోందా, 118ఎన్‌ఈ కూడా ఎప్పుడో ఆగిపోయిన బండే. కాగితాల సంగతి మీరెవరూ ఎత్తలేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. 1089 రాసి ఉన్న ఆర్సీతో 1171 ఇంజిన్ తిప్పితే రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట చూసేది ఇంజిన్ నంబరే.

ఇంకా ముఖ్యమైనది. గోదారి గారి బండి 1979ది, 2029 దాటితే 50 ఏళ్ళు. 2021లో వచ్చిన వింటేజ్ రూల్స్ ప్రకారం 50 ఏళ్ళు దాటిన సొంత బండికి వీఏ అనే అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు, ఇరవై వేల ఫీజు, పదేళ్ళ వరకు చెల్లుతుంది. షరతు ఏంటంటే ఛాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపంలో ఉండాలి. ఇన్నేళ్ళు నిలిచిన బండికి, దగ్గర్లో ఉన్న ఈ అవకాశాన్ని పది పన్నెండు బీహెచ్‌పీ కోసం వదిలేస్తారా?

కాంటెస్సా హైదరాబాద్:
అన్నా, అండ్ల సగమే చెప్పినవ్. వీఏ నంబరు తీసుకుంటే రోజువారీ తోలొద్దు, ఎగ్జిబిషన్, ర్యాలీ, పెట్రోల్ కొట్టిచ్చుడు, రిపేరు, గంతే. ఫ్యామిలీతోని ఘాట్ పోతా అంటున్న పిల్లగాడికి అది అక్కరకి రాదు. మామూలు ఆర్సీ రెన్యువల్ జేసుకుంటేనే మేలు, 20 ఏళ్ళు దాటిన కారుకి 2025ల పదివేలు చేసిన్రు, అదైతే కట్టక తప్పదు.

స్టాక్ 1089:
అందుకే ఇప్పుడు మామూలు ఆర్సీతో తిరగండి, వీఏ తర్వాత కావాలంటే తీసుకుంటారు, వద్దంటే మానేస్తారు. ఇంజిన్ మార్చారంటే ఆ నిర్ణయం తీసుకునే వీలే ఉండదు.

గోదారి పద్మిని:
అందరికీ థాంక్స్. ఈరోజు జాకీ పాయింట్ల దగ్గర స్క్రూడ్రైవర్ పెట్టి చూశాను, ఎడమ వైపు లోపలికి దిగిపోయింది, కుడి వైపు కొంచెం గట్టిగానే ఉంది. కాబట్టి ముందు రేకుపని, బ్రేకులు, పెట్రోల్ లైను. ఇంజిన్ మాత్రం దించి లేత్ షాపులో బోర్ కొలిపిస్తాను, పిస్టన్లు దొరికితే 1089తోనే ఉంటాను, హెడ్ పని, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ చేయిస్తాను. ముందు చక్రాలకి డిస్కులు వేయొచ్చా అని ఆర్టీవో ఆఫీసులో రాసిచ్చి అడుగుతాను. బాబాయికి చెప్తే రేపటి నుంచి నేనూ షెడ్డుకొస్తా అన్నాడు.

ఆటోనగర్ కుర్రోడు:
నా మాట నాదే అన్నా, రెండేళ్ళు తోలాక మళ్ళీ ఇక్కడే అడుగుతావు నిస్సాన్ ఇంజిన్ ఎక్కడుందని. కానీ పిస్టన్లు నేనూ వెతుకుతా, బోర్ కొలత రాగానే ఇక్కడ పెట్టు, స్టాండర్డా ఓవర్‌సైజా తెలియకుండా షాపుల్లో అడగలేం. సిల్లు కోసే ముందు నాలుగు డోర్ల గ్యాపులూ పైనా కిందా కొలిచి రాసి పెట్టుకో, ఫోటోలు తీసుకో. పైపులు వెల్డ్ చేయకుండా ఎవణ్ణీ కటింగ్ మిషన్ పట్టుకోనివ్వకు.