ఆటిజం ఉన్న పెద్దవాళ్ల హోమ్‌లో రాత్రి పూట ఏం జరుగుతోందో ఎలా తెలుసుకోవాలి?

ఆటిజం, మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్లను (అంటే 18 ఏళ్లు దాటినవాళ్లను) చేర్చే ముందు, వాళ్లు ఉండబోయే సంరక్షణ హోమ్‌ను చూసి రావడానికి ఒక చెక్‌లిస్ట్ తయారుచేస్తున్నాం. సర్టిఫికెట్ల సంగతి తేలికే: 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా, గడువు దాటిందా అని చూస్తే చాలు. చిక్కంతా రోజువారీ రికార్డుల దగ్గరే.

మందుల రిజిస్టర్‌లో ముందు చూడాల్సింది 'అవసరమైతే' అని రాసిన మాత్రలు. రిస్పెరిడోన్ (ఉద్రేకాన్ని, దూకుడును తగ్గించే మందు) లాంటిది ఏ టైముకి ఇచ్చారు, ఎంత డోసు, అంతకుముందు ఏమేం ప్రయత్నించారు, గంట తర్వాత మనిషి ఎలా ఉన్నాడు, ఈ నాలుగూ ఉండాలి. "గొడవ చేశాడు, ఇచ్చాం" అని మాత్రమే ఉంటే మందుతో నోరు మూయిస్తున్నారేమోనని అనుమానించాల్సిందే. మాటలు రాని మనిషి తల బాదుకుంటుంటే అది పంటి నొప్పో, చెవి పోటో, మలబద్ధకమో కావచ్చు. అందుకే విరేచనాల చార్టు, నెలనెలా బరువు కూడా అడుగుతాం. రికార్డు నెల మొత్తం ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో ఉంటే ఒక్క పూటలో కూర్చుని నింపారేమోనని అనుమానించాలి.

ఇక మాకు తెలియనివి. రాత్రి డ్యూటీలో మనిషి మెలకువగా ఉంటున్నారా, తలుపులకు బయట గడియ పెట్టి పడుకుంటున్నారా అన్నది బయటివాళ్లు ఎలా పసిగట్టాలి? ముందు చెప్పకుండా వెళ్లి చూసే వీలు ఒప్పందంలో ఎవరైనా రాయించుకున్నారా, ఏ మాటల్లో? ఫిట్స్ 5 నిమిషాలు దాటితే ముక్కులో మిడజోలం (ఫిట్స్ ఆపే మందు) స్ప్రే కొట్టడం వచ్చినవాళ్లు ప్రతి షిఫ్టులో ఉండాలంటే హోమ్‌లు ఒప్పుకుంటున్నాయా? హోమ్ నడిపేవాళ్లు జవాబిస్తే మరీ మంచిది.