చిన్న నగరాల రూట్లు బడ్జెట్ సంస్థకు: మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు జనానికి లాభమా, నష్టమా?

పర్లాకిమిడి మాస్టారు:
ఎయిర్ ఇండియా 2022 జనవరిలో టాటాల చేతికి వెళ్లింది. 2024 నవంబరులో విస్తారా కూడా అందులో కలిసింది. ఇప్పుడు పెద్ద నగరాల మధ్య రూట్లు తన దగ్గరే ఉంచుకుని, చిన్న నగరాలవి కొన్ని తన బడ్జెట్ సంస్థ ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌కు అప్పగిస్తోంది. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల్లో ఉన్న మనకు విమానం అంటే విశాఖే. భోజనం పెట్టే విమానాలు ఢిల్లీ, ముంబయి వాళ్లకు, కొనుక్కు తినేవి మనకు! నాకైతే ఇది చిన్నచూపే. మీరేమంటారు?

బరంపురం కుర్రాడు:
భోజనం కోసం విమానం ఎక్కుతామా మాస్టారూ? విశాఖ నుంచి హైదరాబాద్ గంటకు కాస్త పైన, అంతే. ఎ320 రకం విమానంలో ముందు బిజినెస్ సీట్లు వేస్తే మొత్తం 160 పైచిలుకు వస్తాయి. అన్నీ ఎకానమీ వేస్తే 180. ఇంధనం ఖర్చులో పెద్ద తేడా ఉండదు. మన రూట్లలో ఆ ముందు సీట్లు ఖాళీగా పోతే ఆ నష్టం వెనక కూర్చున్న మన టికెట్ మీదే వేస్తారు, లేదా సర్వీసే ఎత్తేస్తారు. లగేజీ సంగతంటారా, 2024 మేలో ఎయిర్ ఇండియాయే దేశీయ చౌక టికెట్లకు 15 కిలోలు చేసింది. బడ్జెట్ వాళ్లు ఇచ్చేదీ అంతేగా.

జయపురం వాసి:
మా ఊరికి ఉడాన్ (చిన్న ఊళ్లకు విమానాలు నడిపించే కేంద్ర పథకం) కింద వచ్చింది తొమ్మిది సీట్ల విమానం. 180 సీట్లది ఏ పేరుతో వచ్చినా ఎక్కేస్తాం, ముందు రానివ్వండి.

పర్లాకిమిడి మాస్టారు:
తమ్ముడూ, ఈ లెక్కలు ఇదివరకూ విన్నాం. కింగ్‌ఫిషర్ 2007లో చౌక సంస్థ ఎయిర్ డెక్కన్‌ను చేజిక్కించుకుని దానికి రెడ్ అని పేరు పెట్టింది. 2011లో చౌక విమానాలు ఇక వద్దంది, 2012లో మొత్తం ఆగిపోయింది. జెట్ ఎయిర్‌వేస్ కూడా 2007లో సహారాను కొని జెట్‌లైట్ చేసింది, ఆ తర్వాత జెట్ కనెక్ట్ అని ఇంకో చౌక పేరు తెచ్చింది. ఏ టికెట్‌కు ఏ విమానం వస్తుందో జనానికి అర్థమయ్యేది కాదు. 2019లో అదీ ఆగింది.

బరంపురం కుర్రాడు:
అవి మునిగింది అప్పులతో. ఆస్ట్రేలియా సంస్థ క్వాంటస్ 2004లో తన బడ్జెట్ సంస్థగా జెట్‌స్టార్ పెట్టింది, రెండూ నడుస్తూనే ఉన్నాయి. జర్మనీ సంస్థ లుఫ్తాన్సా 2013 నుంచి ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్ తగలని యూరప్ రూట్లను తన బడ్జెట్ సంస్థ జర్మన్‌వింగ్స్‌కు అప్పగించింది. అక్కడా హబ్ (ప్రధాన కేంద్రం) రూట్లు తనకు, మిగతాది పిల్ల సంస్థకు. జర్మనీ వాళ్లను చిన్నచూపు చూసినట్టా?

గుణుపురం టికెట్ల బాబాయ్:
తిండి, సీటు వదిలేయండయ్యా. మా కౌంటర్ దగ్గరకొచ్చే గొడవ వేరు. కూతురి పురిటికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులు విశాఖ–ఢిల్లీ ఒక టికెట్, ఢిల్లీ–అమెరికా ఇంకో టికెట్ కొంటారు, ఎక్కడో వెయ్యి రూపాయలు తగ్గిందని. అమెరికా టికెట్‌కు చాలాసార్లు 23 కిలోల పెట్టెలు రెండు ఒప్పుకుంటారు. విడిగా కొన్న దేశీయ టికెట్‌కు 15 కిలోలే. మిగతా 31 కిలోలకు విశాఖ కౌంటర్లో కట్టాలి. మిగిలిన వెయ్యి ఎటు పోయింది? ఆవకాయ జాడీ తీసేస్తారా, కట్టేస్తారా అంటే ఎవరైనా కట్టేస్తారు.

అంతకంటే పెద్ద టెన్షన్ ఇంకొకటి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) మీద ఉంటే వాళ్లే వేరే విమానంలో ఎక్కించాలి. విడి టికెట్లైతే రెండో సంస్థకు మీరు రాని ప్రయాణికుడు, అంతే. పోయినేడు మా ఊరి పెద్దావిడ ఇలాగే ఢిల్లీలో ఇరుక్కుంది. ఏ సంస్థలో ఎందుకులెండి, ఈ కౌంటరువాళ్లు ఆ కౌంటరుకు, వాళ్లు మళ్లీ ఇటు పంపారు. కొడుకు మళ్లీ టికెట్ కొన్నాడు.

ఎయిర్ ఇండియాకు, ఎక్స్‌ప్రెస్‌కు మధ్య కోడ్‌షేర్ ఉంది, అంటే ఒకరి విమానానికి ఇంకొకరు తమ పేరుతో టికెట్ అమ్మే ఒప్పందం. ఒకే టికెట్‌గా దొరికితే బడ్జెట్ విమానమైనా నాకు అభ్యంతరం లేదు. ఆలస్యమైతే టిఫిను, రద్దయితే వాపసు అన్న డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధనలు రెండు రకాల సంస్థలకూ వర్తిస్తాయి.

పర్లాకిమిడి మాస్టారు:
సరే బాబాయ్, టికెట్ మాట ఒప్పుకుంటా. కానీ బడ్జెట్ అన్నాక ఛార్జీ తగ్గాలి కదా! రూట్లో ఒకే సంస్థ మిగిలితే పండక్కి వాళ్లు చెప్పిందే రేటు. ముందు ఆ సంస్థకు ఎదురు ఇంకొకటి ఉండాలి.

గుణుపురం టికెట్ల బాబాయ్:
అక్కడ నేను మీ పక్షమే మాస్టారూ. సంక్రాంతికి ఎవరైనా విశాఖ నుంచి కొంటుంటే, డబ్బు కట్టే ముందు టికెట్ మీద 'ఆపరేటెడ్ బై' అన్న చిన్న అక్షరాల వరస చదవండి. విమానం నడిపేది ఎవరో అక్కడే రాసి ఉంటుంది.