ఇల్లు మనతో వేళాకోళం ఆడొచ్చా? వెంచురి వాళ్లమ్మ ఇంటి మీద గొడవ

పెంకుటిల్లు:
ఫిలడెల్ఫియాలో అమెరికన్ ఆర్కిటెక్ట్ రాబర్ట్ వెంచురి వాళ్లమ్మకి కట్టిన ఇల్లు (1964) చూసి అందరూ ఆహా ఓహో అంటుంటారు. నాకైతే అతితెలివిలా ఉంది. ముందువైపు త్రికోణపు గోడని నడిమికి చీల్చి వదిలేశాడు. గుమ్మం పైన కమాను ఉందా, అది దేన్నీ మొయ్యదు. గోడకి అంటించిన సన్నటి పట్టీ, అంతే. రెండేళ్లు రోమ్‌లో ఉండి నేర్చుకున్నది ఇదా? జోకు మొదటిసారి బాగానే ఉంటుంది. రోజూ అందులో కాపురం ఉండాలి కదండీ!

మేడమీద:
వాళ్లమ్మ వాన్నా గారు ఆ ఇంట్లో 1973 దాకా ఉన్నారండీ. ఆవిడకి కారు నడపడం రాదు కాబట్టి గ్యారేజీ కట్టలేదు. పడగ్గది, వంటిల్లు కిందే. ముందు అమ్మ మోకాళ్లు చూసుకున్నాడు, గ్రీకులూ రోమన్లూ తర్వాత. ముందు గోడ కిటికీలు ఓసారి లెక్కపెట్టండి. ఎడమవైపు నాలుగు చదరాల పెద్ద కిటికీ, పక్కన బుల్లిది ఒకటి. కుడివైపు వంటింటికి అయిదు చదరాలూ ఒకే వరస. రెండు వైపులా అయిదే, కానీ ఒకదాన్నొకటి పోలవు. నేను ఇది గమనించి నవ్వుకోడానికి మూడేళ్లు పట్టింది.

పెంకుటిల్లు:
మరి పైగదిలోంచి లేచి ఎక్కడికీ పోకుండా గోడకి కొట్టుకునే ఆ మెట్లో?

మేడమీద:
పై కిటికీ తుడుచుకోడానికి నిచ్చెనలా పనికొస్తాయని వెంచురే రాసుకున్నాడు.

సున్నంగోడ:
మా కాలనీలో ఒకాయన "ఎలివేషన్ అదిరిపోవాలి" అని పోర్టికోకి నాలుగు రోమన్ స్తంభాలు పెట్టించాడు. లోపల మామూలు కాంక్రీటు పిల్లరే, పైన తొడుగు. ఆయన సీరియస్‌గానే పెట్టించాడు, నవ్వేది మేము. డెలావేర్‌లో వెంచురి వాళ్లు కట్టిన ఇంట్లోనూ (1983) డోరిక్ స్తంభాలున్నాయి, అంటే పాత గ్రీకు గుళ్ల తరహావి. ఎదురుగా చూస్తే మా లావుగా ఉంటాయి, నాలుగడుగులు పక్కకేస్తే వట్టి పలకలు. ఆ ఇల్లు తన మోసం తానే బయటపెట్టేసుకుంటుంది.

పెంకుటిల్లు:
బయటపెట్టుకుంటే మోసం కాకుండా పోతుందా? ఇంకో ఆర్కిటెక్ట్ చార్లెస్ మూర్ కాలిఫోర్నియాలోని ఒరిండాలో తనకోసం కట్టుకున్న ఇల్లు (1962) చూడండి. పడగొట్టిన కట్టడంలోంచి తెచ్చిన పాత చెక్క స్తంభాలు, గుడి మంటపంలా నాలుగు, వాటి మధ్యన గుంటలో స్నానాల తొట్టి! దానికి నేనూ నవ్వాను. ఎందుకంటే ఆ స్తంభాలు కప్పుని నిజంగా మోస్తున్నాయి. వెంచురి కమాను ఏం మోస్తోందో మీ ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు.