పెద్ద పత్రికలకు పంపే పిచ్‌లకు జవాబు ఎందుకు రావడం లేదు?

ప్రశ్న:
మిత్రులకు నమస్కారం. నేను కొన్నేళ్లుగా చిన్న వెబ్ పత్రికలకు ఫ్రీలాన్స్ రచయిత్రిగా పర్యావరణ విషయాలపై రాస్తున్నాను. ఈమధ్య పెద్ద పత్రికలకు కూడా పిచ్‌లు, అంటే వ్యాస ప్రతిపాదనలు, పంపుతున్నాను గానీ, చాలావాటికి జవాబే రావడం లేదు. పేరున్న పత్రికలో ఇదివరకు ఏమీ అచ్చుకానివారిని సంపాదకులు అసలు పట్టించుకుంటారా? అనుభవజ్ఞులు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

మొదటి జవాబు:
ఫీచర్స్ విభాగంలో పనిచేసిన అనుభవంతో చెబుతున్నానండీ. చిన్న పత్రికల్లో రాయడం అడ్డంకి కాదు. ఆ వ్యాసాల్లో మీరు స్వయంగా మనుషులను కలిసి, పత్రాలు చదివి రాబట్టిన సమాచారం కనిపిస్తే చాలు. పిచ్‌లు ఎక్కువగా వీగిపోయేది రచయిత కథకు బదులు విషయాన్ని పంపినప్పుడు. నదుల్లో ఇసుక తవ్వకం అన్నది విషయం. తవ్వకం వల్ల నదీగర్భం లోతుకు పోయి, ఒడ్డునున్న బావుల్లో నీటిమట్టం పడిపోతుంటే, ఆ బావుల మీద ఆధారపడిన రైతులు తవ్వకాన్ని ఆపించడానికి తామే రోజూ నీటిమట్టం కొలిచి నమోదు చేస్తున్నారనుకోండి, అది కథ. అందులో మనుషులున్నారు, తగవు ఉంది, ఇంకా తేలని ఫలితం ఉంది.

ఆ కథ పిచ్ మొదటి పేరాలోనే కనిపించాలి. ఇప్పుడే ఎందుకు రావాలో, ఎవరితో మాట్లాడారో, ఇంకెవరితో మాట్లాడబోతున్నారో తర్వాత చెప్పండి. మీ పరిచయం చివర్న రెండు వాక్యాల్లో సరిపోతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ పత్రిక అదే విషయం మీద ఇదివరకు ఏం వేసిందో చదివి, మీ వ్యాసం దానికి కొత్తగా ఏం చేరుస్తుందో రాయండి. ఈ శ్రమ తీసుకునేవారు తక్కువ గనుక, తీసుకున్నవారు సంపాదకులకు గుర్తుండిపోతారు.

రెండో జవాబు:
పై సలహాతో ఏకీభవిస్తున్నాను, అయితే ప్రతి రచనకూ పిచ్ సరిపోదు. వ్యక్తిగత, అభిప్రాయ వ్యాసాలను చాలా పత్రికలు పూర్తిగా రాసి పంపమంటాయి. న్యూయార్క్ టైమ్స్‌లో 2004లో మొదలైన ‘మోడరన్ లవ్’ శీర్షిక 1,500 నుంచి 1,700 పదాల పూర్తి వ్యాసాన్నే కోరుతుంది. అలాగే, పరిచయం లేని రచయితకు సుదీర్ఘ కథనం అప్పగించడానికి సంపాదకులు సహజంగానే వెనకాడతారు కాబట్టి, మాసపత్రికల మొదటి పేజీల్లో వచ్చే చిన్న అంశాలతో ప్రయత్నించడం మేలు. మాసపత్రికలు సంచికలను నెలల ముందే సిద్ధం చేసుకుంటాయి. వేసవికి సంబంధించిన అంశాన్ని వేసవిలో పంపితే ఆలస్యమైనట్టే. రెండు వారాల తర్వాత ఒకసారి మర్యాదగా గుర్తుచేసి, అప్పటికీ జవాబు లేకుంటే వేరే పత్రికకు పంపండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒక మాసపత్రిక నా చిన్న వ్యాసానికి ఒప్పుకుంది. అయితే ఒప్పందంలో సర్వహక్కులూ పత్రికవేనని ఉంది. సంతకం చేయవచ్చా?

మూడో జవాబు:
వెంటనే చేయకండి. సర్వహక్కులూ ఇచ్చేస్తే, అదే వ్యాసాన్ని రేపు మీ పుస్తకంలో చేర్చుకోవడానికి కూడా వారి అనుమతి అడగవలసి వస్తుంది. మొదటి ప్రచురణ హక్కు, కొంతకాలం వరకు ఇంకెవరూ వేయకుండా ప్రత్యేక హక్కు మాత్రమే ఇస్తానని అడిగి చూడండి. ఇది అత్యాశ కాదు. ఫ్రీలాన్సర్ల వ్యాసాలను అనుమతి లేకుండా ఎలక్ట్రానిక్ డేటాబేస్‌లలో పెట్టడం కాపీరైట్ ఉల్లంఘనేనని 2001లో టాసినీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు న్యూయార్క్ టైమ్స్‌కు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. ఏ హక్కు ఇస్తున్నామో విడివిడిగా రాయించుకోవాలనడానికి ఆ కేసే మంచి ఉదాహరణ. మీరు రాసి ఇచ్చాక వారు ప్రచురించకపోతే ఎంత చెల్లిస్తారో, అంటే కిల్ ఫీ ఎంతో కూడా అందులో ఉందేమో చూడండి. లేకపోతే పని మొదలుపెట్టకముందే ఈమెయిల్‌లో అడిగి, లిఖితపూర్వకంగా తెప్పించుకోండి.