చీలమండ రెండుసార్లు మలకపడ్డ ఫుట్‌బాల్ వింగర్‌కి ఏ బూట్లు? మన గట్టి గ్రౌండ్లు తెలిసినోళ్లు చెప్పండి

ఎర్రచెల్క_ఎలెవన్ (నల్లగొండ):

టీంలో లెఫ్ట్ వింగ్ (ఎడమ అంచున) ఆడే పిల్లగాడికి 17 ఏళ్లు, 58 కిలోలు. ఎడమ చీలమండ ఏడాదిలో రెండుసార్లు లోపలికి మలకపడ్డది. రెండోది అయి ఏడు వారాలు. ఎక్స్‌రేలో విరిగినట్టేం లేదు, నడిస్తే నొప్పి లేదు. ఉరుకుతా ఉరుకుతా ఒక్కసారి పక్కకు మళ్లినప్పుడు మాత్రం కాలు వదిలేసినట్టు అయితదట. ఇప్పుడు వేసేవి ఎఫ్‌జీ (గడ్డి నేలకు చేసిన) బూట్లు, అడుగున బ్లేడ్ల లెక్క పొడుచుకొచ్చిన స్టడ్స్. వారానికి నాలుగు రోజులు ప్రాక్టీసు, అంతా మొరం కలిసిన ఎర్రనేల మీదనే. మ్యాచ్‌లు ఒకోసారి గడ్డి మీద, హైదరాబాద్ పోతే టర్ఫ్ (ప్లాస్టిక్ గడ్డి) మీద.

చీలమండ దాకా సాక్స్ లెక్క వచ్చే కాలర్ బూట్లు కొంటే ఆగుతదా? బ్రేస్ (చీలమండను పట్టి ఉంచే కట్టు) వేస్తే స్పీడ్ తగ్గుతదా? ఒక్క జతతోటి అన్ని గ్రౌండ్లు నడుస్తయా?

పాలమూరు_ఫిజియో:

కాలర్ మీద ఆశ పెట్టుకోవద్దు సార్. 2014లో నైకీ మ్యాజిస్టా, మెర్క్యూరియల్ సూపర్‌ఫ్లైలతో ఆ అల్లిక కాలర్ బాగా పాపులర్ అయింది. షాపులో ఆ కాలర్‌ని రెండు వేళ్లతో పక్కకు వంచి చూడండి, వంగిపోతుంది. అది 58 కిలోల మనిషి గాల్లోంచి ఒంటికాలి మీద దిగినప్పుడు పాదాన్ని ఆపుతుందా? చర్మానికి ఆనుకుని ఉంటుంది కాబట్టి కొందరికి పట్టు ఉన్నట్టు అనిపిస్తుంది, అంతవరకే.

పాదం వేళ్లు కిందికి చాచి, లోపలికి తిరిగినప్పుడు మొదట సాగేది బయటి ముడుసు ముందుండే ఏటీఎఫ్ఎల్ అనే లిగమెంటు. అది సాగితే పట్టు ఒక్కటే కాదు, పాదం ఏ కోణంలో ఉందో మెదడుకు చెప్పే కబురు కూడా మందగిస్తుంది. పిక్క బయటివైపు ఉండే పెరోనియల్ కండరాలు ఆలస్యంగా పట్టుకుంటాయి. ఆ పిల్లాడు చెప్పే "కాలు వదిలేసినట్టు" అదే. దాన్ని ఏ బూటూ బాగు చేయదు. చెడగొట్టడం మాత్రం చేయగలదు, మీ ఎఫ్‌జీ బ్లేడ్లు ఆ పనే చేస్తున్నాయి.

స్టడ్ నేలలో దిగితేనే దానికి పని. మొరం మీద అది దిగదు. ఆటగాడు పది పన్నెండు మొనల మీద నిలబడినట్టే లెక్క. అరికాలు నేలకు సెంటీమీటరు పైన తేలుతుంది, బూటు అంచు కింద రాయి పడితే చాలు, పాదం ఒరిగిపోతుంది. ఎత్తు పెరిగే కొద్దీ ఒరగడం తేలిక, ఎత్తు మడమ చెప్పు సంగతి తెలిసిందే కదా. టర్ఫ్ మీద దీనికి తలకిందులు: బ్లేడు నారల్లో ఇరుక్కుంటుంది, ఒళ్లు తిరుగుతుంది, పాదం తిరగదు. చీలమండకే కాదు, మోకాలికీ అది మంచిది కాదు.

గట్టి నేల ప్రాక్టీసుకి టీఎఫ్ బూట్లు తీసుకోండి, అంటే అడుగంతా చిన్న రబ్బరు బొడిపెలు ఉండేవి. బరువు అడుగంతా పరుచుకుంటుంది. టర్ఫ్ మీదకీ అవే చాలు.

బూటు_కొలత:

కొనేటప్పుడు "స్టడ్స్ ఇయ్యి" అని అడుగకండి. మనకాడ బూటు మొత్తాన్నే స్టడ్స్ అంటరు, వాళ్లు ఎఫ్‌జీ చేతుల పెడ్తరు. టీఎఫ్ అని అడగండి, బూటు తిప్పి అడుగు చూడండి.

సైజు సాయంత్రం చూడాలె, పగలంతా తిరిగినంక పాదం జర ఉబ్బుతది. ఆడేటప్పుడు వేసే మందం సాక్సే వేసుకుని పోవాలె. పెద్ద వేలు ముంగట అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు జాగ ఉంటె చాలు. పెరిగే పిల్లలకని ఒక సైజు పెద్దది కొనుడు మన దిక్కు అలవాటు, చీలమండ బాగలేనోనికి అది పనికిరాదు: లోపట పాదం కదిలితె బూటు ఒక దిక్కు, కాలు ఒక దిక్కు.

మడమ వెనక కప్పును బొటనవేలితోటి గట్టిగ నొక్కి చూడండి, లోపలికి కుంగొద్దు. ముందు భాగం పట్టుకుని వంచితే వేళ్ల మొదట్ల దగ్గర వంగాలె. నడుమల వంగితె ఆ జత వద్దు. పాత బూట్లు కూడా తిప్పి చూడండి. బయటి వరుస స్టడ్స్ లోపలి వరుస కంటె అరిగి ఉంటె పాదం ముందే బయటికి ఒరిగి నిలబడ్తది, అసొంటి జత ఇంకొక రోజు గూడ వద్దు.

మడమ జారుతుంటె లేసుల్ని చీలమండ చుట్టు తిప్పి కట్టకండి. పిక్క కండరాన్ని మడమకు కట్టే స్నాయువు ఒత్తుకుంటది, పాదం వంగదు. బూటు అడుగు కిందికెల్లి తిప్పినా మొరం మీద రెండు రోజుల్ల తెగుతది. చివరి రెండు రంధ్రాల నడుమ లేసును అదే పక్కన పైకి దూర్చి చిన్న ఉంగరం లెక్క వదలాలె, రెండు దిక్కులా. ఎడమ లేసు కుడి ఉంగరంల, కుడిది ఎడమ దాంట్ల దూర్చి కిందికి గుంజి ముడెయ్యాలె. మడమ కప్పులకు కూసుంటది.

రేగడి_బ్యాక్:

టీఎఫ్ అన్నిటికీ అనకండి. జులై నుంచి సెప్టెంబర్ దాకా తడి గడ్డి మీద అవి జారుతయి. జారినా కాలు మలకపడుతది. గడ్డి మ్యాచ్‌లకు ఎఫ్‌జీనే, కాకపోతె బ్లేడ్లు కాకుండ గుండ్రటి స్టడ్స్ ఉన్నయి. గుండ్రటివైతె పాదం తిరిగేటప్పుడు వదులుతయి. నల్లరేగడి ఉన్న గ్రౌండ్ల మట్టి స్టడ్స్ నడుమ అంటుకుని గడ్డ కడ్తది, హాఫ్ టైంల పుల్లతోటి గీకకపోతె చదునైన అడుగుతోటి ఆడినట్టే. ఇనుప స్క్రూ స్టడ్స్ ఉండే ఎస్‌జీ బూట్లు మాత్రం మన దిక్కు దాదాపు ఎప్పుడూ అక్కర రావు.

ఎర్రచెల్క_ఎలెవన్:

రెండు జతలు అన్నట్టు. సరే. బ్రేస్ సంగతి చెప్పలేదు. ఇంకోటి, మోకాలును గోడకు ఆనిచ్చే కొలత చూసిన: మడమ లేవకుండ కుడి కాలు వేళ్లు గోడకు 10 సెంటీమీటర్ల దూరం ఉన్నా మోకాలు ఆనుతున్నది, ఎడమది 6.5కే ఆగిపోతున్నది.

పాలమూరు_ఫిజియో:

ఆ 3.5 తేడా మొదట సరిచేయాలి. పాదం పైకి వంగనప్పుడు ఆగాలన్నా, దూకి దిగాలన్నా మడమ ముందే లేస్తుంది, పాదం వేళ్లు కిందికి చాచిన స్థితికి వస్తుంది. అది మలకపడే స్థితే. బెణికాక మడమ పై ఎముక ముందుకు జరిగి బిగుసుకోవచ్చు, ఒక్క పిక్క సాగదీస్తే సరిపోదు. మందం రబ్బరు బ్యాండు చీలమండ ముడతకు అడ్డంగా పెట్టి వెనక స్తంభానికి కట్టి, మోకాలు ముందుకు పంపాలి. 15 సార్లు, మూడు విడతలు, రోజూ. ముందరి వైపు చిటుక్కుమని పొడిస్తే ఆపి చూపించండి.

బ్రేస్ వేయించండి. ఒకసారి బెణికిన వాళ్లలో మళ్లీ బెణకడం బ్రేస్‌తో తగ్గుతుంది. బెణికాక కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది, ప్రాక్టీసులో కూడా. పరుగు వేగం మీద దాని ప్రభావం చాలా తక్కువ. వింగర్‌కి ఇబ్బంది వేరే చోట: లేసుల బ్రేస్ పాదాన్ని పూర్తిగా కిందికి చాచనివ్వదు, పాదం పైభాగంతో కొట్టే షాట్, క్రాస్ వారం పది రోజులు తేడాగా తగులుతాయి. రెండు పక్కలా పట్టీలుండి చీలమండ దగ్గర కీలున్న రకంలో ఆ బాధ తక్కువ, కాకపోతే బూటులో ఎక్కువ చోటు తింటుంది. పలుచటి సాక్స్, దాని మీద బ్రేస్, దాని మీద స్టాకింగ్, చివర బూటు. అందుకే బూట్లు కొనడానికి బ్రేస్ వెంట తీసుకుపోండి. ఎడమ కాలికి అర సైజు పెంచాల్సి వస్తే కుడి బూటులో పలుచటి ఇన్‌సోల్ ఇంకోటి వేయండి.

టేపు కూడా పనిచేస్తుంది, కానీ అరగంట ఆటకే వదులవుతుంది. కట్టేవాళ్లకు చేయి తిరగకపోతే బ్రేసే మేలు. టేపే అంటే 38 మిల్లీమీటర్ల సాగనిది, పాదం 90 డిగ్రీల్లో పెట్టి, పట్టీలు లోపలివైపు మొదలుపెట్టి మడమ కింది నుంచి బయటివైపుకు పైకి లాగాలి. ఉల్టా లాగితే పాదాన్ని మలకపడే దిక్కుకే కట్టినట్టు. కట్టాక కాలి వేలి గోరు నొక్కి వదలండి, రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రాకపోతే విప్పేయండి.

బ్రేస్ ఉందని బ్యాలెన్స్ మానొద్దు. ఒంటికాలి మీద 30 సెకన్లు మూడుసార్లు. అది కుదిరాక కళ్లు మూసుకుని, ఆ తర్వాత దిండు మీద, చివర ఒకరు బంతి విసురుతుంటే వాలీ తిరిగి ఇస్తూ. ఎనిమిది వారాలు. టీం మొత్తానికి ఫిఫా 11+ వార్మప్ వారానికి కనీసం రెండుసార్లు పెట్టండి, 20 నిమిషాల పని.

మ్యాచ్‌కి దించే ముందు నేల మీద 30 సెంటీమీటర్ల దూరంలో రెండు గీతలు గీసి ఒంటికాలితో పక్కకు పది సార్లు అటూ ఇటూ దూకించి టైం కొట్టండి, కుడి కాలితో పోలిస్తే తేడా పది శాతం లోపు ఉండాలి. మళ్లీ మలకపడితే మాత్రం: నాలుగడుగులు వేయలేకపోయినా, ముడుసు వెనక అంచు మీద నొక్కితే నొప్పి ఉన్నా అదే రోజు ఎక్స్‌రే.

బూటు_కొలత:

కొత్త టీఎఫ్ వచ్చినంక మొదటి వారం 20–30 నిమిషాల కంటె ఎక్కువ వేయించకండి. మడమ మీద బొబ్బ వస్తె కుంటుకుంట ఉరుకుతడు, కుంటిన కాలే మళ్ల ముందు ఒరుగుతది.