పీజీ క్లాసులు పీహెచ్‌డీ స్కాలర్‌తో చెప్పించవచ్చా?

అనంత_స్కాలర్: నా పీహెచ్‌డీ గైడ్ ఈ సెమిస్టర్ ఎమ్మెస్సీ ఫస్టియర్‌కు ఒక పేపరు మొత్తం నన్నే చెప్పమన్నారు. ల్యాబ్, ఇంటర్నల్స్ దిద్దడం అదనం. యూజీసీ (విశ్వవిద్యాలయాల నియంత్రణ సంస్థ) 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో స్కాలర్‌కు ట్యుటోరియల్, ల్యాబ్, మూల్యాంకనం కోసం వారానికి 4 నుంచి 6 గంటలనే ఉంది. మీ దగ్గర ఎలా ఉంది?

బురుజు_కర్నూలు: పీజీకి పాఠం చెప్పే అర్హత స్కాలర్‌కు ఎక్కడిది? ల్యాబ్ చూసుకోండి, చాలు.

అనంత_స్కాలర్: నాకు నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) ఉందన్నా. అర్హత గురించి కాదు, గంటల గురించి అడిగాను.

పెన్నా_ఎంటెక్: మాకు ఎంటెక్‌లో గేట్ స్కాలర్‌షిప్ నెలకు 12,400 ఇస్తారు. వారానికి 8 నుంచి 10 గంటల పని దానికే.

కడప_కెమిస్ట్రీ: జేఆర్‌ఎఫ్ (పరిశోధకులకిచ్చే ఫెలోషిప్) నెలకు 37 వేలు వస్తోందా? వస్తుంటే చెప్పాల్సిందే.

అనంత_స్కాలర్: జేఆర్‌ఎఫ్ లేదు. ల్యాబ్ పని నాకు ఇష్టమే. ఒకడు పిపెట్ నోటితో పీలుస్తాడు, ఇంకొకడు టైట్రేషన్‌లో ఎండ్ పాయింట్ (రంగు మారి ఆపాల్సిన చోటు) దాటించేసి పక్కవాడి రీడింగ్ రాసుకుంటాడు. బ్యూరెట్ పక్కన నిలబడి, లేత గులాబీ రంగు నిలిచిన వెంటనే ఆపమని చెప్పడం నా పని. పేపరు మొత్తం నా నెత్తిన పెడితే నా థీసిస్ ఎప్పుడు రాయాలి?

కడప_కెమిస్ట్రీ: ఫెలోషిప్ లేకుండా ఎందుకు చేరావు? ముందు అది చెప్పు.

బురుజు_కర్నూలు: నెట్ ఉంటే పాఠం వచ్చేస్తుందా? పిల్లల ఏడాది పాడవుతుంది.

అనంత_స్కాలర్: మీరు నా క్లాసు చూశారా? ఊరికే మాట తూలకండి. అంత కోపం దేనికి?

బురుజు_కర్నూలు: నేను గెస్ట్ ఫ్యాకల్టీని, అందుకే! క్లాసుకింత అని ఇస్తారు, సెలవుల్లో రూపాయి రాదు. మా దగ్గర ఒక స్కాలర్ ఊరికే చెబుతానన్నాడు. నా క్లాసులు సగం పోయాయి. ఆ నెల ఇంటి అద్దెకు చేబదులు తీసుకున్నా. మీకైనా ఏం మిగులుతుంది? 2018 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి పట్టిన కాలం బోధనానుభవం కిందికి రాదు.

పెన్నా_ఎంటెక్: అసలు గొడవ ఇదన్నమాట. ఖాళీ పోస్టులు నింపితే మీ ఇద్దరికీ ఈ తిప్పలు ఉండవు.

అనంత_స్కాలర్: ఇది ముందే చెప్పుంటే మాటా మాటా పెరిగేది కాదన్నా. కానీ వద్దంటే రేపు నా థీసిస్ మీద సంతకం చేయాల్సింది మా గైడే.

బురుజు_కర్నూలు: తెలుసు. ఆ భయంతోనే మావాడూ ఒప్పుకుని ఉంటాడు. అయినా నా క్లాసులు నాకు కావాలి. కనీసం 6 గంటలు దాటనని రాసి ఇవ్వు తమ్ముడూ.

కడప_కెమిస్ట్రీ: ఫెలోషిప్ సంగతి ఇంకా చెప్పలేదు.