ఐసు గ్లాసు "కారుతోంది" అనే పిల్లలకు నీటి రూపాలు ఎలా చూపించాలి?

ప్రశ్న:
రెండో తరగతికి గడ్డ, నీళ్లు, ఆవిరి మూడూ ఒకటేనని చెబుతున్నాను. తలలూపుతారు. కానీ ఐసు వేసిన స్టీలు గ్లాసుకు చెమట పడితే "గ్లాసు కారుతోంది" అంటారు. తడి నేల ఆరితే "నేల తాగేసింది" అంటారు. బడిలో ఫ్రిజ్ లేదు. ఐసు కొని తేగలను, చిన్న గ్యాస్ స్టవ్ ఉంది. ఏం చేయిస్తే బాగుంటుంది?

జవాబు 1:
ముందు గ్లాసు సంగతి తేల్చండి. ఒకేలాంటి స్టీలు గ్లాసులు రెండు. ఒకదాంట్లో మామూలు నీళ్లు, రెండోదాంట్లో సగం నీళ్లు, సగం ఐసు. రెండింట్లోనూ నాలుగు చుక్కల ఎర్ర సిరా వేసి, మూతపెట్టి, బయట పొడిగుడ్డతో గట్టిగా తుడవండి. బయట సిరా మరక మిగిలితే మొత్తం చెడిపోతుంది. కాసేపటికి చల్ల గ్లాసుకే చెమట పడుతుంది. తెల్ల కాగితంతో పిల్లల చేతే తుడిపించండి. కాగితం తడుస్తుంది, ఎర్రబడదు. లోపలి నీళ్లు కావని వాళ్లే అంటారు.

వంటింటి డిజిటల్ కాటా దొరికితే ఇంకా మంచిది. చల్ల గ్లాసును దానిమీదే ఉంచండి. కారితే బరువు మారకూడదు, కానీ మెల్లగా పెరుగుతుంది. గాలిలోంచి వచ్చి చేరిందనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి!

జవాబు 2:
"నేల తాగేసింది" అన్నది మంచి అనుమానం, కొట్టిపారేయకండి. నేల నిజంగానే కొంత పీల్చుకుంటుంది. అందుకే పీల్చలేని స్టీలు పళ్లాలు రెండు తీసుకోండి. చెంచాడు నీళ్లు ఒక్కోదాంట్లో పోసి, ఒకటి ఎండలో, ఒకటి నీడలో పెట్టండి. ఎండలోది ముందు ఆరుతుంది, నీడలోదీ ఆరుతుంది. నీళ్లు ఆవిరి కావాలంటే మరగనక్కర్లేదని ఇక్కడే చెప్పాలి.

కెటిల్ మరిగేటప్పుడు ముక్కు దగ్గర చూపించండి. మొదటి వేలెడు మేర ఏమీ కనబడదు, అసలు ఆవిరి అదే. ఆపైన కనబడే తెల్లటిది చల్లబడిన సన్నటి నీటి తుంపర. దాన్ని "పొగ" అననివ్వకండి, తర్వాత సరిదిద్దడం కష్టం. చల్లటి పళ్లేన్ని పట్టకారుతో మీరే అడ్డం పెట్టండి, చుక్కలు రాలతాయి. పిల్లలు రెండు గజాల దూరంలో ఉండాలి. ఆవిరి తగిలి కాలితే మరిగే నీళ్లకన్నా ఎక్కువ బొబ్బలెక్కుతుంది.

అడిగినవారు:
ఒంటిపూట బడుల రోజుల్లో గ్లాసుకు చెమటే పట్టకపోతే? ఫ్రిజ్ లేకుండా గడ్డ కట్టించడం కుదురుతుందా అండి?

జవాబు 3:
పొడిగాలి ఉన్నప్పుడు చెమట తక్కువే. పిల్లల్ని చల్ల గ్లాసుమీద "హా" అని ఊదమనండి, వెంటనే మసకబారుతుంది. ఊపిరిలోనూ ఆవిరి ఉంది.

గడ్డకు: బాగా దంచిన ఐసు మూడు కప్పులు, ఉప్పు ఒక కప్పు కలపండి. పలచటి చిన్న స్టీలు గిన్నెలో రెండు చెంచాల నీళ్లు పోసి, ఆ గిన్నెను ఐసు-ఉప్పులోకి దించండి. పావుగంట, ఇరవై నిమిషాల్లో కడుతుంది. ఉప్పు తగిలిన ఐసు కరుగుతూ చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది, సున్నాకన్నా పది డిగ్రీల కిందికి కూడా పోతుంది. కట్టలేదంటే నీళ్లు ఎక్కువ పోశారు, లేదా ఐసు ముక్కలు పెద్దవి. ఉప్పు లోపలి నీళ్లలో పడినా అంతే. చేత్తో కలపనివ్వకండి, వేళ్లు కమిలిపోతాయి.